ఎర్రదారం కట్టిన కాటా

మా అమ్మాయి డాక్టరేటు చదువు మధ్యలో మానేసి ఇంటికొచ్చిన ఎండాకాలం, నేనూ అదీ మూడు వారాలు మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో తిని, ఒకే కొట్లో ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని, మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. "ఆ చిన్న స్క్రూడ్రైవరు ఇలా ఇస్తే బాగుండును" అని నేను గోడతో అనేవాణ్ణి. గోడ ఇవ్వదు కాబట్టి అదే ఇచ్చేది. తప్పెవరిదని ఆ రోజుల్లో ఎవరైనా అడిగితే తడుముకోకుండా దాన్ని చూపించేవాణ్ణి. ఇప్పుడడిగితే కాస్త గొంతు సవరించుకోవాల్సి వస్తుంది.

నేను కాటాలు బాగుచేస్తాను. కూరగాయల దుకాణం దగ్గర్నుంచి బంగారం కొట్టు దాకా మా బజారులో నా చెయ్యి పడని కాటా లేదు. ముప్ఫై ఏళ్ళుగా నాదొకటే పద్ధతి. బరువు పెట్టినప్పుడు కాటా ఎంత చూపిస్తుందన్నది తర్వాత. తీసేశాక సున్నాకి తిరిగొస్తుందా లేదా అన్నది ముందు. తిరిగి రాకపోతే దానికి ఎర్రదారం కట్టేస్తాను. బాగుచేసి నేనే విప్పేవరకూ ఆ కాటా మీద ఎవరూ తూచరు, తూచినా కొనేవాళ్ళు ఒప్పుకోరు. ఒకసారి మంచి గిరాకీ రోజున బంగారం కొట్టాయన, ఒక్క పూట దారం విప్పమని బతిమాలాడు. తర్వాత బెదిరించాడు. చివరికి మా బావమరిది చేత చెప్పించాడు. నేను విప్పలేదు. ఇలాంటివి మనం చెప్పుకోకూడదు గానీ, చెప్పుకోకుండా నాకు ఒక్క రోజు గడవదు.

అమ్మాయి మాకు ఒక్కతే. అది డాక్టరేటుకి చేరిన రోజున హాస్టలు మెట్ల మీద ఎవరి తండ్రులు వాళ్ళ పిల్లలకి ఏవేవో ఇచ్చారు. నేను ఇరవై గ్రాముల ఇత్తడి రాయి ఇచ్చాను, నా చేత్తో అరగదీసి సరిచూసి, అడుగున మూడు చుక్కలు కొట్టిన రాయి. ఏ కాటా ముందు కూర్చున్నా మొదట ఈ రాయి పెట్టి చూసుకోమని చెప్పాను. పిల్లకి దుప్పటి ఇవ్వడం మర్చిపోయి రాయి ఇచ్చిన మనిషిని లోకంలో ఇంకొకణ్ణి చూపించమని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అది చదివేది ఆకుల గురించి. రాలిన ఆకులు మట్టిలో ఎంత కాలానికి ఎంత కుళ్ళుతాయో లెక్కగట్టడం. ఎండుటాకులు వల సంచుల్లో నింపి, తూచి, పాతిపెట్టి, నెలకోసారి తవ్వి తీసి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ తూస్తారు. ఇదంతా వీధిలో వాళ్ళకి విడమరిచి చెబితే మన పరువే పోతుంది. అందుకని "డాక్టరు చదువుతోంది" అని అక్కడితో ఆపేసేవాణ్ణి. మూడేళ్ళు తిరిగేసరికి మందులషాపాయన నన్ను "డాక్టరుగారి నాన్న" అని పిలవడం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు.

నాలుగో ఏడు ఎండాకాలం మొదట్లో అది ఆటో దిగింది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక పరుపు చుట్ట, ఒక గోనెసంచి. సెలవులకొచ్చే పిల్ల పరుపు తెచ్చుకోదని నాకు అప్పుడే తట్టాల్సింది. గోనెసంచిలో ఏముందని అడిగితే ఆకులంది. భోజనాల దగ్గర రెండు ముద్దలు తిన్నాక, మానేశాను నాన్నా, ఇంకో చోట మళ్ళీ మొదట్నుంచి చేరదామనుకుంటున్నాను అని, మజ్జిగ కావాలన్నంత మామూలుగా చెప్పింది.

గ్లాసు కింద పెట్టేశాను. నాలుగేళ్ళు ఏమైనట్టని అడిగాను. అది ఏదో చెప్పబోయింది.

"నాకు కారణాలు చెప్పకు" అన్నాను.

ఇది నా కొట్లో మాట. కాటా చెడగొట్టుకున్న ప్రతివాడూ కారణంతోనే వస్తాడు, పిల్లి దూకిందనీ తోడికోడలు తోసిందనీ. వింటూ కూర్చుంటే పని సాగదు. అలవాటు కొద్దీ అదే మాట కూతురితోనూ అనేశాను. అది నోరు మూసుకుంది. మా ఆవిడ మాత్రం, పిల్లని ముందు తిననివ్వండి, డాక్టరేటు ఎక్కడికీ పోదు, ఇప్పటికే పోయింది కదా అంది.

ఆ మర్నాడే ఇంట్లో చట్టం చేశాను. వీధిలో ఎవరికీ చెప్పకూడదు. అమ్మాయి సెలవు మీద ఉంది, అంతే. ఈ చట్టం రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజున ఎదురింటి దర్జీ, డాక్టరమ్మ వచ్చిందటగా అంటూ మోకాలు చూపించుకోవడానికి కొట్లోకి వచ్చేశాడు. అమ్మాయి కాటా పళ్ళెం తుడుస్తూ, నేను మనుషులకి కాదు బాబాయ్, ఆకులకి డాక్టర్ని అంది. దర్జీ మొహం విప్పారింది. ఆకు వైద్యమైతే మరీ మంచిదనీ, ఇంగ్లీషు మందులు తనకి పడవనీ చెప్పి, పంట్లాం ఇంకొంచెం పైకి మడిచాడు. నేను లోపలికెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

ఇంకో చోట చేరడం అంటే అంత తేలికేం కాదని తర్వాత తెలిసింది. కంప్యూటర్లో పెద్ద ఫారం. అందులో ఒక ప్రశ్న మా ఇంటిల్లిపాదికీ నిద్రలేకుండా చేసింది. గతంలో చేరిన పరిశోధనను ఎందుకు విరమించారో రెండొందల మాటలకు మించకుండా రాయాలట. అది పొద్దున రాసేది, మధ్యాహ్నం చెరిపేసేది. ఆరోగ్యం బాగోలేదని రాయమన్నాను. అప్పుడు డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారని మా ఆవిడ అడ్డం వచ్చింది. "కుదరలేదు" అని ఒక్క మాట రాస్తే సరిపోతుందనీ, మిగతా నూటతొంభైతొమ్మిది మాటలూ వాళ్ళకే వదిలెయ్యమనీ ఆవిడ సలహా.

మా బావమరిది డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. వాడి దగ్గర ప్రపంచంలోని కష్టాలన్నిటికీ రోడ్డు మీదే జవాబు దొరుకుతుంది. తప్పుదారిలో వెళుతున్నానని తెలిసి యూటర్న్ తీసుకున్నానని రాయమన్నాడు. అక్కడితో ఆగలేదు. ఫారంతో పాటు రెండు సిఫారసు ఉత్తరాలు కావాలని విని, మర్నాటికల్లా తన స్కూలు కాగితం మీద ఒకటి రాసి, స్టాంపు కొట్టి తెచ్చాడు. "ఈమె నా వద్ద కారు నేర్చుకున్నది. బ్రేకు వేయుటలో ఈమెకు సాటి లేదు" అని ఉంది అందులో. నేను నవ్వలేదు. అమ్మాయి నవ్వి, ఆ కాగితం మడిచి దాచుకుంది.

సిఫారసు ఉత్తరాల్లో ఒకటి కాలేజీలో పాఠం చెప్పినావిడ వెంటనే పంపేసింది. రెండోది మాత్రం, ఇంతకుముందు పరిశోధన ఎవరి కింద చేశారో ఆ గైడు నుంచే రావాలి. వదిలేసి వచ్చిన గైడు దగ్గర్నుంచి! అమ్మాయి ఫారంలో ఆయన పేరు పెట్టింది, ఒక ఉత్తరం ముక్క రాసింది, ఆయన జవాబివ్వలేదు. ఆ ఉత్తరం రాకపోతే ఫారం చెల్లదు. ఫారం చెల్లకపోతే ఇంకో ఏడాది ఖాళీ, ఆ పైన వయసు దాటిపోతుంది, ఇక ఆ చదువు లేనట్టే.

"తప్పయిపోయిందని ఒక్క మాట రాసి పారెయ్యి" అన్నాను నేను.

"తప్పు నాది కాదు నాన్నా."

"కాకపోతే అయిందని రాయి. కాగితానికేం తెలుస్తుంది?"

అది చేతిలో పని ఆపి నా వైపు చూసింది. "ఆ రోజు బంగారం కొట్టాయన కూడా నీతో ఇలాగే అన్నాడు కదా" అంది.

కన్నతండ్రిని తీసుకెళ్ళి ఆ మనిషి పక్కన నిలబెట్టినందుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూట నుంచే గోడతో మాట్లాడటం మొదలైంది. మా ఆవిడ రెండు రోజులు ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసి విసిగిపోయి, ఇక నుంచి ఎవరి మాటలు వాళ్ళే మోసుకోండని చేతులు దులిపేసుకుంది. మోసేవాళ్ళు లేక మాటలు ఆగిపోయాయి. అమ్మాయి మాత్రం రోజూ కొట్టుకి వచ్చేది. నేను చెడగొట్టిన పనులు కూడా సరిచేసి పెట్టేది. వెళ్ళేముందు ప్రతి కాటా మీదా రాయి పెట్టి, తీసి, సున్నా చూసుకునేది. నేను పేపరు అడ్డం పెట్టుకుని చూసేవాణ్ణి. దాని చెయ్యి నా చెయ్యిలాగే కదిలేది. అది చూస్తే నాకు ఇంకా ఒళ్ళుమండేది. ఇంత చెయ్యి పెట్టుకుని ఈ పిల్ల నాలుగేళ్ళు బూడిదలో పోసిందే అని.

ఫారం గడువు ఇంకా అయిదు రోజులుందనగా నేను ఒక నిర్ణయానికొచ్చాను. స్పేర్ పార్టులు తెస్తానని చెప్పి పొద్దున మొదటి బస్సెక్కి, అయిదు గంటలు ప్రయాణం చేసి, దాని యూనివర్సిటీకి వెళ్ళాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో వల్లె వేసుకున్నాను. అయ్యా, చిన్నపిల్ల, తెలియక చేసింది, మీరు పెద్దమనసు చేసుకోవాలి, ఒక్క ఉత్తరం. అవసరమైతే కాళ్ళు పట్టుకోవడానికీ సిద్ధపడ్డాను. నా సామాను సంచి మాత్రం చంకలోనే ఉంది. అది లేకపోతే నాకు నడక కుదరదు.

గైడుగారు ఏదో మీటింగులో ఉన్నారు. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. తాళాల గుత్తి పట్టుకున్న అటెండరొకాయన, రేపోమాపో రిటైరయ్యేలా ఉన్నాడు, నా ముందు నుంచి వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి నా సంచి వంక చూశాడు.

"కాటా మెకానిక్కేనా మీరు?"

అవునన్నాను. అందులో అబద్ధమేముంది?

"రెండేళ్ళుగా రాయగా రాయగా ఇన్నాళ్ళకి పంపారా మిమ్మల్ని!" అంటూ నా చెయ్యి పట్టుకుని లేపి, తాళం తీసి లోపలికి తీసుకెళ్ళాడు. నేను అందుకు రాలేదని చెప్పాలి. నోరు కూడా తెరిచాను. అంతలో కాటా కనిపించింది.

నాజూకైన కాటా. చుట్టూ అద్దాల పెట్టె, మిల్లీగ్రాము కూడా చూపించే రకం. మా బజారులో అలాంటిది బంగారం కొట్లో కూడా లేదు. ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేసి, నువ్వు భోజనానికి రాలేదు కదా అంటే ఏం చేస్తాడు? సంచిలోంచి నా ఇరవై గ్రాముల రాయి, అమ్మాయికిచ్చినదాని జోడు, తీసి పెట్టాను. ఇరవై మీద రెండొందల మిల్లీగ్రాములు ఎక్కువ చూపించింది. తీశాను. సున్నాకి రాలేదు. మళ్ళీ పెట్టాను, ఈసారి వంద తక్కువ. మనిషైతే మాటమీద నిలబడడు అంటాం. కాటాని ఏమనాలి?

పళ్ళెం ఎత్తి, అడుగు రేకు మరలు విప్పాను. లోపల చీమలు. ఒకటీ రెండూ కాదు, ఊరికి ఊరే. గుడ్లతో సహా కాపురం పెట్టేశాయి. అవి మోసుకొచ్చిన మట్టి, ఆకుల పొడి కాటా లోపలి మీట కింద గట్టుకట్టింది. చీమలు అటు మట్టి ఇటు జరిపినప్పుడల్లా కాటా మాట మార్చేది. అటెండరు వంగి చూసి, మా అమ్మ ఇల్లు కూడా ఇంత శుభ్రంగా కట్టలేదన్నాడు.

నేను కుంచెతో చీమల్ని కాగితం మీదకి దులుపుతుంటే ఆయన తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "ఈ కాటా మూలంగానే ఒకమ్మాయి చదువు వదిలేసి పోయింది పాపం. ఎవరో ఇత్తడి రాయి ఒకటి ఇచ్చారట దానికి. రోజూ పొద్దున్నే వచ్చి ఆ రాయి పెట్టి చూడటం, పుస్తకంలో రాసుకోవడం. ఈ కాటా అబద్ధమాడుతోంది, రెండేళ్ళ తూకాలు చెల్లవు, మళ్ళీ మొదట్నుంచి తూస్తానని సారుతో ఒకటే పోరు. సారేమో రిపోర్టు పంపేశాం, చిన్న తేడాలు సగటులో కలిసిపోతాయి, రాసెయ్యమంటారు. రాయనంది. ఆ రాయి ఇచ్చినవాడెవడో గానీ, బంగారంలాంటి పిల్ల బతుకు పాడుచేశాడు."

నా చేతిలో కుంచె ఆగిందని నేను చెప్పను. పని మధ్యలో ఆపే అలవాటు నాకు లేదు. ఆ చీమలన్నిటినీ దులిపి, కాగితం కిటికీలోంచి విదిలించి, మరలు బిగించి, మళ్ళీ రాయి పెట్టి తీశాను. అరిగిపోయిన మీట, సున్నాకి రాలేదు. సంచిలోంచి ఎర్రదారం ఉండ తీసి, మూరెడు తుంచి, పళ్ళెం కింద నుంచి చుట్టి ముడి వేశాను. ముడి వేశాక గుర్తొచ్చింది, నేనొచ్చిన పనేమిటో.

అప్పుడే గైడుగారు వచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని, దాని కోసమే జేబులు తడుముకుంటున్న మనిషి. నేను ఊహించుకున్న రాక్షసుడు కాదు. ఎవరు విప్పమన్నారని అడిగారు. మీరే సార్, రెండేళ్ళ కిందట ఉత్తరం రాశారు కదా అన్నాడు అటెండరు, మెకానిక్ పంపమని. ఆయన కిటికీ గట్టు మీద గుడ్లు మోసుకుంటూ పారిపోతున్న చీమల్ని చూశారు. కాటాని చూశారు.

"ఎంత కాలం నుంచి ఉండి ఉంటాయివి?"

"ఈ కట్టడం చూస్తే రెండేళ్ళకి తక్కువ కాదండి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. బల్ల మీద ఉన్న నా రాయి ఊరికే చేతిలోకి తీసుకుని, తిప్పి, అడుగున మూడు చుక్కలు చూశారు. వాటిని బొటనవేలితో తడిమారు. ఆ రాయిలాంటిదే ఇంకొకటి రోజూ ఆయన ఎదురుగా ఈ బల్ల మీదే ఉండేదన్న సంగతి మా ఇద్దరికీ ఒకేసారి తెలిసినట్టుంది. తర్వాత నన్ను చూశారు.

మీది ఏ ఊరన్నారు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు. రాయి నా చేతిలో పెడుతూ మాత్రం, "ఈ దారం ఎప్పుడు విప్పొచ్చు?" అన్నారు.

"సున్నాకొచ్చాక విప్పొచ్చండి" అని చెప్పి వచ్చేశాను.

బస్సు సగం దారి వచ్చాక గానీ నాకు తట్టలేదు, ఉత్తరం మాట ఎత్తనే లేదని. అయిదు గంటలు వల్లె వేసుకున్న ముక్కల్లో ఒక్కటి కూడా నోట్లోంచి రాలేదు. పైగా దాని గైడు కాటాకి దారం కట్టి వచ్చాను. దాని ఉత్తరానికి నేనే స్వహస్తాలతో నీళ్ళొదిలాను. బస్సాపి వెనక్కి వెళదామని లేచాను, కండక్టరు కూర్చోమన్నాడు. కూర్చుంటే ఏడుపొచ్చింది. కారణాలు చెప్పకు అని నేను నోరు మూయించిన పిల్ల దగ్గర ఉన్న కారణం నేనే. సంచిలో గుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాను. అది కిరసనాయిలు గుడ్డ. ఇంకో గంటసేపు అసలు కారణం లేకుండా కూడా కన్నీళ్ళు కారాయి.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలలేదు. అమ్మాయి వసారాలో ఫారం ముందు కూర్చుని ఉంది. స్పేర్ పార్టులు దొరికాయా అని మా ఆవిడ అడిగింది. మూడు వారాల తర్వాత నేను గోడకి కాకుండా మనిషికి చెప్పాను, మీ గైడు దగ్గరికి వెళ్ళానని. దాని మొహం తెల్లబోయింది. కాటా విప్పానని చెప్పాను. చీమల సంగతి చెప్పాను.

"ఎన్ని?" అంది.

"లెక్కపెట్టలేదు. గుడ్లతో కలిపి ఓ పళ్ళెం నిండుగా."

అది ఫక్కుమని నవ్వింది. నవ్వి నవ్వి బల్ల మీద తల పెట్టేసింది. ఆకుల్ని తినే పురుగూ పుట్రా ఏమున్నాయోనని రెండేళ్ళు మట్టంతా జల్లెడ పట్టిందట గానీ, కాటా లోపల చూడాలని తట్టలేదట. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. మా ఆవిడ వచ్చి దాని వీపు నిమురుతూ, నా వైపు కొరకొర చూసింది.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను, అడిగే మొహం లేకపోయినా.

"నువ్వు కారణాలొద్దన్నావు. అయినా చెబితే ఏం చేస్తావో నాకు తెలుసు కదా" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "అక్కడికి పోయి కాటా విప్పేస్తావు."

"విప్పేశాడుగా" అంది మా ఆవిడ.

"మరి ఉత్తరం అడిగావా నాన్నా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మర్చిపోయానని చెప్పాను. దారం కట్టిన సంగతి కూడా చెప్పేశాను, ఎలాగూ మునిగాం కదా అని. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఫారం దగ్గరికి లాక్కుని, ఎందుకు విరమించారు అన్న ప్రశ్న కింద రాయడం మొదలుపెట్టింది. చెరపకుండా రాసింది. ఎన్ని మాటలయ్యాయని మా ఆవిడ అడిగితే, నూటపన్నెండు అంది.

మర్నాడు నేను వీధిలో చట్టం ఎత్తేశాను. ముందు మందులషాపుకి వెళ్ళి, మా అమ్మాయి డాక్టరు కాదు, చదువు మానేసి వచ్చింది, ఇంకోచోట దొరికితే మళ్ళీ మొదట్నుంచి చదువుతుంది, దొరక్కపోతే నా కొట్లో కూర్చుంటుంది అని చెప్పాను. ఆయన మాత్రలు లెక్కపెడుతూనే, మాకు ఎప్పుడో తెలుసండీ, మీకే ఇంకా తెలీదనుకుంటున్నాం అన్నాడు. అమ్మాయి వచ్చిన రోజునే మా బావమరిది చెప్పేశాడట. దర్జీ మాత్రం నమ్మలేదు. ఆకు వైద్యం చేయించుకోవడానికి వాడికి డిగ్రీతో పని లేదు.

ఆ నాలుగు రోజులూ అమ్మాయి రోజుకి పదిసార్లు కంప్యూటరు తెరిచేది. ఉత్తరం అందలేదనే చూపించేది. నేను లోలోపల ఉడికిపోయేవాణ్ణి. ఈ పిల్లకి చదువు పోతే అది నా వల్ల పోయినట్టు, ఇక బతికున్నంత కాలం బల్లకి అవతలి వైపు నా తప్పుని చూస్తూ కూర్చోవాలి. ఆఖరి రోజు మధ్యాహ్నం నేను బంగారం కొట్టు కాటా విప్పి కూర్చున్నాను. అది ఇంట్లోంచి కొట్లోకి వచ్చి, నా ఎదురుగా నిలబడింది. పరిగెత్తి రాలేదు, మామూలుగానే వచ్చింది.

"వచ్చింది నాన్నా" అంది.

నేను కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాను. ఏం రాశారని అడిగాను. అది మనకి చూపించరట, నేరుగా వాళ్ళకే వెళుతుందట. మంచిగా రాశారో చెడుగా రాశారో తెలియని ఉత్తరం కోసం మేమిద్దరం ఆ పూట పని మానేసి టీ తాగాం.

నెల తిరక్కుండా కొత్త చోటు వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. ముగ్గురు పెద్దలు కూర్చున్నారట. ఆకుల గురించి అయిదు నిమిషాలు అడిగారట. మిగతా అరగంటా చీమల గురించేనట. ఇది ఫారంలో ఎక్కడా రాయలేదు నాన్నా, కాటా చెడిందని మాత్రమే రాశాను అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వారం తర్వాత సీటొచ్చింది. ఆ మధ్యలోనే, నా సంచి మీదున్న నంబరు రాసిపెట్టుకున్న అటెండరు ఫోను చేశాడు. కాటా అలాగే దారంతో ఉందనీ, గైడుగారు పాత రిపోర్టు వెనక్కి తెప్పించుకున్నారనీ, ఎవరైనా ముట్టుకోబోతే మెకానిక్ వచ్చేదాకా ఆగమంటున్నారనీ చెప్పి, ఎప్పుడొస్తారని అడిగాడు. వస్తానన్నాను. నేనెవరో ఆయనకి ఇంకా చెప్పలేదు. పిల్ల బతుకు పాడుచేసినవాణ్ణి నేనేనని చెప్పడానికి ఫోను సరిపోదు.

అది వెళ్ళే రోజున ఆటో వచ్చి నిలబడింది. అవే రెండు ట్రంకు పెట్టెలు, అదే పరుపు చుట్ట. గోనెసంచి లేదు. ఆకులు మా ఆవిడ పూలకుండీల్లో పోసేసింది, ఈ ఏడాది ఎంత కుళ్ళాయో తాను తూచి చెబుతానని హామీ ఇచ్చింది. మా బావమరిది, తన సిఫారసు వల్లే సీటొచ్చిందన్న ధీమాతో, బ్రేకుల గురించి ఆఖరి పాఠం చెబుతున్నాడు. నేను ఈసారి దుప్పటి కొన్నాను. గట్టి దుప్పటి. అది తీసుకుని చంకలో పెట్టుకుంది.

ఎక్కబోతూ ఆగి, కొట్టు వైపు చూసింది.

"నాన్నా, కాస్త ఎర్రదారం ఇవ్వవా" అంది.

మా ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. కొత్త చోటు, కొత్త గైడు, అక్కడెన్ని కాటాలున్నాయో, వాటిలో ఎన్ని సున్నాకొస్తాయో ఎవరికి తెలుసు? రాయికే నాలుగేళ్ళు పోయాయి. దారానికి ఎన్ని పోతాయి? లేదని చెప్పొచ్చు. అయిపోయిందని చెప్పొచ్చు. ఆటోవాడు తొందరపెడుతున్నాడు కూడా.

కొట్లోకెళ్ళి ఉండ తీశాను. మూరెడు తుంచబోయాను. మూరెడు ఏ మూలకి వస్తుందిలే అనిపించి, ఉండంతా తెచ్చి దాని చేతిలో పెట్టాను. అది దాన్ని దుప్పటి మడతలో దోపుకుని ఆటో ఎక్కింది. ఆ మర్నాడు బజారులో రెండు కాటాలకి ఎర్రదారం లేక తెల్లదారమే కట్టాల్సి వచ్చింది.